స్పౌజ్ పాయింట్లు

రేపల్లె రైలు వేమూరు దాటాక కిరీటి ఆ మాట అన్నాడు. అనకుండా ఉంటే ఈ కథ ఆ బోగీలోనే హాయిగా సుఖాంతమయ్యేది.

తెనాలి నుంచి పొద్దున్నే బయలుదేరే ఆ రైల్లో ఒక బోగీ అచ్చం టీచర్ల స్టాఫ్ రూమే. ఉషశ్రీ భట్టిప్రోలు హైస్కూల్లో బయాలజీ చెబుతుంది. కిరీటి పక్క స్టేషన్ పల్లికోనలో చిన్నపిల్లలకు చదువు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచరు. ఇద్దరిదీ తెనాలే. ఎదురెదురు కిటికీల దగ్గర కూర్చుని, ఒకరి టిఫిన్ డబ్బాలోకి ఒకరు తొంగిచూస్తూ, ఇడ్లీ గట్టిదనీ చట్నీ పల్చననీ రోజూ పోట్లాడుకునేవారు. అతను ఎప్పుడు నోరు తెరిచి అడుగుతాడా అని ఆమె ఎదురుచూస్తోంది. ఈ సంగతి అతనికి తప్ప బోగీలో అందరికీ తెలుసు.

ఆ వేసవిలో ఎవరి నోట విన్నా బదిలీల మాటే. ఉషశ్రీకి బదిలీ తప్పదు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైతే దగ్గర దగ్గర ఊళ్లు దొరికేలా అదనంగా పాయింట్లిస్తారని, రోజూ అదే బోగీలో వచ్చే సరోజ మేడం చెప్పింది. కిరీటికి ఎక్కడలేని హుషారొచ్చింది.

"అయితే ఉషశ్రీ గారూ, మనిద్దరం పెళ్లి చేసేసుకుందామండి. స్పౌజ్ పాయింట్లు కలిసొస్తాయి. కొలకలూరో, నందివెలుగో, ఇంటి పక్కనే పడతాం."

బోగీ అంతా నవ్వింది. ఉషశ్రీకి మాత్రం నవ్వు రాలేదు. ఎన్నాళ్లుగానో కలలుగన్న మాట చివరికి పదిమంది ముందు, నోట్లో ఇడ్లీ పెట్టుకుని, పాయింట్ల లెక్కలో వచ్చింది.

"పాయింట్ల కోసం పెళ్లి చేసుకునే అవసరం నాకు లేదండి," అంది. భట్టిప్రోలు వచ్చేదాకా కిటికీ వైపు తిప్పిన మొహం మళ్లీ ఇటు తిప్పలేదు.

అతను సారీ చెప్పాడు. చాలాసార్లే చెప్పాడు. ఆమె కరగలేదు. ఆ కోపంలోనే బదిలీకి పెట్టే ఆన్‌లైన్ ఆప్షన్లలో, రేపల్లె దారిలో లేని బాపట్లను అన్నిటికంటే పైన పెట్టింది. పెట్టానని అతనికి వినపడేలా సరోజ మేడంతో చెప్పింది కూడా. వద్దంటాడని ఆశ. అతను వద్దనలేదు. బడులు తెరిచేసరికి ఆమె బాపట్ల రైలెక్కింది.

తెనాలి స్టేషన్లో రెండు రైళ్లదీ ఇంచుమించు ఒకే వేళ. ఆమె ఇవతలి ప్లాట్‌ఫామ్ మీద నిలబడి, పట్టాలకు అవతల రేపల్లె రైలు కిటికీలన్నీ వెతికేది. అతను కనిపిస్తే గబుక్కున తల తిప్పుకునేది. కనిపించకపోతే ఇక ఆ రోజంతా మనసు మనసులో ఉండేది కాదు. పత్రహరితం గురించి చెబుతూ చెబుతూ ఆగిపోతే పిల్లలే అందించేవాళ్లు. ఇంట్లో అమ్మ సంబంధాలు చూస్తుంటే ఒకతను మరీ పొడుగనీ, ఇంకొకతను మరీ మంచివాడనీ వంకలు పెట్టేది. కాదన్నది తనే కాబట్టి ఎవరికీ చెప్పుకుని ఏడవడానికి కూడా లేదు.

వానలు పట్టుకున్నాక సరోజ మేడం ఫోన్ చేసింది. కిరీటికి హైస్కూల్లో పాఠాలు చెప్పే స్కూల్ అసిస్టెంట్‌గా ప్రమోషన్ వచ్చిందట. రేపల్లె దాటి నిజాంపట్నం వైపట. వద్దనుకుంటే వదులుకోవచ్చు గానీ తీసుకున్నాడట. ఇక రేపల్లెలోనే గది చూసుకుంటాడు, కిటికీలో కూడా కనిపించడు. ఉషశ్రీ స్నానాల గదిలో కొళాయి తిప్పి కరువుతీరా ఏడ్చింది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం, బాపట్ల స్టేషన్లో వాన దంచి కొడుతుంటే, తడిసి ముద్దయిన కిరీటి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"మీరేంటండి ఇక్కడ?"

"సెలవు పెట్టి వచ్చాను. నాకు ప్రమోషన్ వచ్చింది."

"విన్నానండి. దూరమటగా."

"దూరమే. ఇప్పట్లో నాకు బదిలీ లేదు, మీకూ లేదు. ఇప్పుడు పెళ్లి చేసుకుంటే ఒక్క పాయింటు కూడా ఎందుకూ పనికిరాదండి." అతను మొహం మీది వాన నీళ్లు చేత్తో తుడుచుకున్నాడు. "అందుకే ఇప్పుడు అడుగుతున్నాను. నన్ను చేసుకుంటారా?"

బాపట్ల పెట్టినప్పుడు ఎందుకు ఆపలేదని ఆమె అడిగింది. ఆపితే అదీ పాయింట్ల కోసమే అనుకుంటారని భయపడ్డానన్నాడు.

"రోజూ తెనాలి నుంచే వెళ్లొస్తాను. కానీ ఇల్లు చేరేసరికి చీకటి పడుతుందండి. రాత్రి భోజనం దగ్గర తప్ప నేను కనిపించను. ఆలోచించుకోండి."

"ఇన్నాళ్లూ పట్టాలకు ఇవతల నుంచి చూసుకుని బతికాను. రాత్రి భోజనమంటే నాకది చాలా ఎక్కువ."

"మీరూ చూసేవారా?" అన్నాడు కిరీటి.

ఉషశ్రీ కళ్లు తుడుచుకుని, అమ్మకు ఫోన్ చేసి, ఇక సంబంధాలు చూడొద్దని చెప్పింది. ఎవరే అబ్బాయి అని అమ్మ కంగారుగా అడిగింది. పక్కనే ఉన్నాడు మాట్లాడమ్మా అంటూ ఫోన్ అతని చేతిలో పెట్టేసింది.

కిరీటికి "నమస్కారమండి" అన్న ఒక్క మాట తప్ప ఇంకేమీ తోచలేదు. దాన్నే మూడుసార్లు అన్నాడు.