హాజీ నవ్వాఫ్ మేనల్లుడు

"ఇవాళ సభలో బాంబు పేలబోతోంది," అన్నాడు ఇంటెలిజెన్స్ అధికారి అబూ సఖర్, తీరిగ్గా టీలో చక్కెర కలుపుతూ.

ఎదుట కూర్చున్న ఏజెంట్ నాయిఫ్ మొహంలో ఏ మార్పూ లేదు. "ఏ సభ సార్?"

"దేశంలో అందరూ సమానమేనా అని ఇంటింటికీ తిరిగి సర్వే చేశారుగా. ఆ ఫలితాలు చెప్పే సభ. పేలితే నింద తూర్పు అమ్మాన్ పేదల మీదకి పోతుంది. పడమటి అమ్మాన్ డబ్బున్నోళ్ళు ఆ పేదల మీద పడతారు. వీళ్ళూ వాళ్ళూ కొట్టుకు చస్తుంటే విదేశీ ముఠా చలి కాచుకుంటుంది."

"ఎవరు చెప్పారు?"

"లుబ్నా."

సర్వే టీంలోని లుబ్నా తమ మనిషేనని ముఠా నమ్మకం. నిజానికి ఆమె అబూ సఖర్ మనిషి.

"బాంబు ఎందులో పెట్టారో ఆమెకీ తెలీదు. ఫలితాలు చదివేది ఆమే. మధ్యలో దిగిపోతే వాళ్ళు జాగ్రత్తపడి ఇంకోచోట పేలుస్తారు. అందుకని చదువుతూనే ఉంటుంది. నువ్వు కాఫీవాడి వేషంలో వెళ్ళి బాంబు వెతుకు."

భయం వేయాలని నాయిఫ్‌కి తెలుసు. వేయలేదు. పోయిన నెల లుబ్నా సర్వే కాగితం పట్టుకుని అతనింటికీ వచ్చింది. అందరూ సమానమేనా అన్నదానికి 'తెలియదు' దగ్గర టిక్కు పెట్టాడు. అప్పుడూ మనసులో ఏమీ కదల్లేదు.

ఎర్రగళ్ళ తలగుడ్డ, ఇత్తడి కూజా, కట్టర్ దాచిన ఉంగరం. సభ గేటు దగ్గర గార్డు మిత్ఖాల్ అడ్డుపడ్డాడు.

"పనోళ్ళకి వెనక గేటు."

"దానికి తాళం వేసుంది." నాయిఫ్ రహస్యంగా ఐడీ కార్డు చూపించాడు.

మిత్ఖాల్ పకపకా నవ్వాడు. "కాఫీ పోసేవాడివి, నీకు ఇంటెలిజెన్సా? ఇలాంటి కార్డులు సంతలో గంపలకొద్దీ దొరుకుతాయి. పోవయ్యా!"

హాలు చుట్టూ జామర్లు. ఎవరికి చేద్దామన్నా ఫోన్ కలవదు. మైకులో లుబ్నా గొంతు చివరి పేజీకి వచ్చేసింది.

"కరక్ ఊళ్ళో హాజీ నవ్వాఫ్ మా మేనమామ," అన్నాడు నాయిఫ్, అదే చప్పటి గొంతుతో.

"ఎవరూ, మన హాజీగారా? మా తమ్ముడికి ఉద్యోగం వేయించింది ఆయనే! ముందే చెప్పొద్దూ అన్నా! రా, రా!"

హాల్లో మరో కాఫీవాడున్నాడు. ముందు వరసలో ఒక పెద్దాయన కాఫీ తాగి ఖాళీ కప్పు అటూ ఇటూ ఊపాడు. కాఫీవాడు చిరునవ్వుతో మళ్ళీ నింపాడు. పెద్దాయన తాగి మళ్ళీ ఊపాడు. మళ్ళీ నింపాడు. కప్పు ఊపితే ఇక చాలని ఇక్కడి చంటిపిల్లలకి కూడా తెలుసు. వీడు ఇక్కడివాడు కాదు.

నాయిఫ్ వాడి మణికట్టు మెలిపెట్టి గార్డులకి అప్పగించాడు. వేదిక కింద వాడిదే రెండో కూజా కనిపించింది. ఎత్తి చూస్తే ఇనుప గుండంత బరువుంది. దాని అడుగు తిప్పి తీశాడు. ఎర్ర వైరు కత్తిరించాడు. టైమర్ ఒక్క సెకను మిగిలుండగా ఆగింది.

"...అవకాశాలు అందరికీ సమానమేనని ఎక్కువమంది నమ్ముతున్నారు," అని లుబ్నా ముగించింది. చప్పట్లు. అందరికంటే గట్టిగా కొట్టింది గేటు దగ్గరి మిత్ఖాల్.

బయట లుబ్నా సిగరెట్ వెలిగించుకోబోయింది. రెండు అగ్గిపుల్లలు విరిచింది. నాయిఫ్ వెలిగించి ఇచ్చాడు. అతని వేళ్ళు వణకలేదు. అందుకైనా అతనికి బాధనిపించాలి. అదీ అనిపించలేదు.

"లోపలికెలా వచ్చావ్? కార్డు చూపించావా?"

"చూపించాను. పనికిరాలేదు. మా మామ పేరు చెప్పాను."

లుబ్నా నవ్వబోయి ఆగిపోయింది. "ఆ రోజు 'తెలియదు' దగ్గర టిక్కు పెట్టావు. ఇప్పుడు చెప్పు. ఇక్కడ అందరూ సమానమేనా?"

నాయిఫ్ తలగుడ్డ విప్పి భుజాన వేసుకున్నాడు.

"మా మామనడిగి చెప్తాను."