పిడికి కట్టిన ఎర్ర దారం

రాత్రంతా కురిసిన వాన తెల్లవారేసరికి తెరిపిచ్చింది. చిలుకమ్మ చీపురు పట్టుకొని వాకిట్లోకి వచ్చింది. ఊడవడానికి వంగిందే గాని, ఆమె చూపు వాకిలి మీద లేదు. పెరటి వైపు రేకుల షెడ్డు తలుపు తెరిచి ఉంది. లోపల కోడలు యమున పెట్రోల్ డబ్బా ముందు కూర్చుని, ఓ కాగితం మీద చుక్క వేసి, దాన్ని వెలుతురుకు పెట్టి చూస్తోంది. చీపురు చప్పుడు వినగానే కాగితం మడిచి కొంగులో దోపుకుంది.

చిలుకమ్మ చూడనట్టే ఊరుకుంది. ఊడ్చిన వాకిలినే మూడుసార్లు ఊడ్చింది.

కాశిబుగ్గలో ఆ ఇంటి ముందు గదే ఆమె భర్త కొమురెల్లి కొట్టు. చెట్లు కోసే రంపం మిషన్లు మూడు, పొలాలకు మందు కొట్టే పంపులు నాలుగు, అన్నీ కిరాయికిస్తాడు. మిషన్‌తో పాటు అందులో పోయాల్సిన పెట్రోల్ కూడా ఆ ఇంటి నుంచే పోతుంది. కొమురెల్లికి పేరొచ్చింది దానివల్లే. పంపుల్లో ఉత్త పెట్రోల్ పోస్తే చాలు. రంపం మిషన్ అలా ఒప్పుకోదు. లీటరు పెట్రోల్‌కు రెండు మూతల ఆయిల్ కలిపి పోయాలి, లేకపోతే లోపల పిస్టన్ కాలి పట్టేస్తుంది, ఇక ఆ మిషన్ చచ్చినట్టే. అందుకే షెడ్డులో ఎప్పుడూ రెండు తెల్ల డబ్బాలుంటాయి. ఒకదాంట్లో ఉత్తది, ఇంకోదాంట్లో ఆయిల్ కలిపింది. ఏది ఏదో కొమురెల్లి రంగు చూసి చెప్పేస్తాడు. "మా ఆయన చీకట్ల జూసి గూడ చెప్తడు" అని చిలుకమ్మ పాతికేళ్ల నుంచి వాడకట్టంతా చెప్పుకుంటోంది.

అలాంటి ఇంట్లో ఎండాకాలం చివర కొత్త రంపం ఒకటి పట్టేసింది. కిరాయికి తీసుకుపోయిన పాలకుర్తి ఆయన దాన్ని తెచ్చి బల్ల మీద పెట్టి, మీరు పోసిన పెట్రోల్‌లో ఆయిలే లేదట, మెకానిక్ చెప్పాడు, అని మొహం మాడ్చుకొని పోయాడు. కొమురెల్లి ఆ మిషన్‌ను ఒళ్లో పెట్టుకొని పొద్దెక్కేదాకా కూర్చున్నాడు. 

చిలుకమ్మ తనలో తానే తేల్చుకుంది. షెడ్డు తాళంచెవులు రెండు. ఒకటి మొగుడి దగ్గర, ఇంకోటి కోడలి దగ్గర. మొగుడు పెట్రోల్ దగ్గర తప్పు చేయడు. చేస్తే సూర్యుడు పడమట పొడిచినట్టే. ఇక మిగిలిందెవరో వేరే చెప్పాలా?

ఒకసారి అనుమానం పుట్టాక కళ్లు ఊరుకుంటాయా? ఓ రోజు ఎవరూ లేనప్పుడు చిలుకమ్మ మేకుతో డబ్బాల మీద పెట్రోల్ ఎంతదాకా ఉందో సన్నగా గీత గీసింది. రెండో రోజుకే, ఒక్క మిషన్ కూడా కిరాయికి పోకుండానే, ఒక డబ్బాలో గీతకు నాలుగు వేళ్లు కింద ఉంది. సరే, దొంగతనమే అనుకుంది. మూడో రోజు చూస్తే గీత కంటే పైన ఉంది.  దొంగ తీసుకుపోతాడు గాని తెచ్చి పోస్తాడా? పోశారంటే అది నీళ్లే అయ్యుండాలి.

ఇంకా ఉంది. మంగళవారం మంగళవారం యమున అన్న శేఖర్ వస్తున్నాడు. ములుగు రోడ్డులో వాడికి బైకులు బాగుచేసే షాపుంది. వచ్చినప్పుడల్లా చెల్లెలు పెరటి దారిలో ఓ డబ్బా అందిస్తుంది. వాడు బండి ముందర పెట్టుకొని పోతాడు. బైకుల షాపువాడికి పెట్రోల్ ఎందుకో చిన్నపిల్లనడిగినా చెబుతుంది.

ఈ మాటే మొగుడి చెవిన వేసింది. కొమురెల్లి అన్నం కలుపుతున్నవాడల్లా చెయ్యి ఆపి, పిల్ల మంచిది, ఊరికే మీద పడకు అన్నాడు. అంటూ మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆ తిప్పుకోవడమే చిలుకమ్మకు నచ్చలేదు. ఈ మధ్య మామాకోడళ్లు ఇద్దరూ గుసగుసలాడటం, తను రాగానే ఆపేయడం ఆమె చూస్తూనే ఉంది. రేషన్ దుకాణానికని ఇద్దరూ కలిసి వెళ్లి మధ్యాహ్నందాకా రాకపోవడం, వచ్చేటప్పుడు చేతిలో సంచి కూడా లేకపోవడం చూసింది. మెత్తటి మాటలతో ముసలాయన్ని బుట్టలో వేసుకుంది అనుకుంది.

కొడుకు హరికృష్ణ దగ్గర మాత్రం దాచుకోలేకపోయింది. వాడిది చెట్లెక్కి కొమ్మలు కోసే పని. ఈ ఇంటి మిషన్‌తోనే, ఈ షెడ్డు పెట్రోల్‌తోనే.

"నువ్వు చెట్టు మీదున్నప్పుడు మిషన్ ఆగిపోతే ఎట్ల బిడ్డా? నీళ్లు గలిపిన పెట్రోల్ అది. నీ పెండ్లామే గలుపుతాంది."

"అవ్వా, జర మంచిగ మాట్లాడు. యమున ఎందుకు గట్ల జేస్తది?"

"ఎందుకో నాకెర్కలేదు. చేస్తాందని మాత్రం ఎర్క."

 ఆ సాయంత్రం హరికృష్ణ భార్యను అడిగాడు. యమున నాకు తెలియదంది. అబద్ధం చెప్పడం రాని పిల్ల, ఆ ఒక్క మాటకే చెవులదాకా ఎర్రబడింది. దాంతో వాడికీ ఆ రాత్రి అన్నం సహించలేదు.

శనివారం యమున కోమటి కొట్టుకు పోయినప్పుడు చిలుకమ్మ ఆమె గది వెతికింది. పరుపు కింద రోజుకొక్కటి చింపే క్యాలెండర్ కాగితాల కట్ట దొరికింది. ఒక్కో దాని మీద నడుమ గుండ్రటి జిడ్డు మరక. కొన్నింటి మీద మాత్రం ఏ మరకా లేదు, వాటికి పెన్సిలుతో ఇంటూ కొట్టి ఉంది. షెడ్డులోకి పోయి చూస్తే ఎడమ పక్క డబ్బా పిడికి ఎర్ర దారం, మూడు ముళ్లు వేసి బిగించి ఉంది. పక్కింటి మగ్గం మీది దారమే. కుడి పక్క డబ్బాకు ఏమీ లేదు. దారమేంటి, మరకలేంటి, ముళ్లేంటి?  చిలుకమ్మ బ్లేడుతో ఆ దారం కోసి, సాక్ష్యం ఉంటుందని కొంగు చివర ముడేసుకుంది. శేఖర్‌కు ఫోన్ చేయించి ఆదివారం పొద్దున్నే రమ్మంది.

శేఖర్ వచ్చేసరికి హరికృష్ణ గడప మీద, కొమురెల్లి అరుగు మీద కూర్చున్నారు. చిలుకమ్మ టీ కూడా ఇవ్వలేదు. ఆ ఇంట్లో వచ్చిన మనిషికి టీ ఇవ్వకపోవడం అదే మొదటిసారి. క్యాలెండర్ కాగితాలు తెచ్చి అందరి ముందూ పడేసింది. గీతల సంగతి, డబ్బాల సంగతి వరసగా చెప్పింది.

"మా పెట్రోల్ నీ షాపుకు పోతాందా లేదా? ఒక్కటే మాట చెప్పు శేఖరూ."

శేఖర్ చెల్లెలి వైపు చూశాడు. యమున మామ వైపు చూసింది. కొమురెల్లి నేల చూపులు చూశాడు.

"పోతాంది అత్తమ్మా" అంది యమున మెల్లగా. "పాతది. వానకాలం గిరాకీ లేక నెల దాటిందంటే చెడిపోతది. ఇప్పటి పెట్రోల్ తేమను గుంజుకుంటది. అన్న దాంతోని సామాన్లు కడుక్కొని, బదులు కొత్తది తెచ్చిస్తాండు."

"నెలకే చెడిపోతదని మీ మామ చెప్పలేదు, నువ్వు చెప్తవు. మరి గీ మరకలేంది? డబ్బాకు ఆ దారమేంది?"

యమున పెదవి కరుచుకుంది. మళ్లీ మామ వైపే చూసింది. ఆయన తల ఎత్తలేదు. ఆ పిల్ల ఇక నోరు విప్పలేదు.

చిలుకమ్మకు అది చాలు. తాళంచెవి ఇక్కడ పెట్టి మీ అన్నెంబడి పొమ్మంది. నిజం చెప్పాలనిపించిన రోజు రావచ్చంది. హరికృష్ణ లేచి నిలబడ్డాడు గాని తల్లికి ఎదురు చెప్పాలో భార్యను ఆపాలో తెలియక అలాగే నిలబడిపోయాడు. యమున నడుముకున్న తాళంచెవి తీసి అత్త చేతిలో పెట్టి, కళ్లు తుడుచుకుంటూ బట్టలు సర్దుకోవడానికి లోపలికి పోయింది.

సరిగ్గా అప్పుడే వీధిలో ట్రాక్టర్ ఆగింది. పక్క ఊరి ఖాజా పాషా, పాత గిరాకీ. రాత్రి గాలికి తుమ్మచెట్టు విరిగి పొలం బాటకు అడ్డంగా పడిందట, నాట్లకు కూలీలు అవతల నిలబడ్డారట, రంపం జల్దీగా కావాలన్నాడు. చిలుకమ్మకు ఆ పిలుపు దేవుడు పంపినట్టే అనిపించింది. తాళంచెవి మొగుడి చేతిలో పెట్టింది.

"ఇగ నీ షెడ్డు నీదేనయ్యా. ఎవల చెయ్యి వడదు. ఎప్పటి లెక్క నువ్వే పోసియ్యి."

కొమురెల్లి తాళంచెవిని కాసేపు అలాగే పట్టుకున్నాడు. తరవాత లేచి షెడ్డులోకి పోయాడు. ఆయన చేతిలో ఆ పని చూసి చాలా రోజులైందని చిలుకమ్మ కూడా వెనకే పోయి, తలుపు దగ్గర నిలబడింది. మబ్బు పట్టి లోపల మసకగా ఉంది.

కొమురెల్లి ఎడమ డబ్బా పిడి మీద చెయ్యి వేశాడు. వేళ్లతో పిడిని ఈ చివర నుంచి ఆ చివరకు తడిమాడు. ఆ చెయ్యి కుడి డబ్బా మీదికి పోయింది. దాన్నీ తడిమాడు. మళ్లీ ఎడమ దానికి వచ్చాడు. పిడి కింద, మూత చుట్టూ, పక్కన నేల మీద కూడా వెతికాడు. ఒక మూత తీసి కొంచెం అరచేతిలో పోసుకొని కంటికి ఆనించినంత దగ్గరగా పెట్టుకున్నాడు. వాసన చూశాడు. ఆ చేతిని లుంగీకి తుడుచుకొని అలాగే నిలబడిపోయాడు. వెనక అడుగుల చప్పుడు విని అటు తిరిగాడు. చిలుకమ్మ మూడడుగుల దూరంలో, ఆయనకు ఎదురుగానే ఉంది.

"వచ్చినవా బిడ్డా" అన్నాడు గొంతు తగ్గించి. "దారం ఊడిపోయినట్టుంది. ఏది ఏదో జర చెప్పు. మీ అత్తమ్మ చూడకముందే పోసిద్దాం."

చిలుకమ్మ కొంగు చివర ముడిని పిడికిట్లో గట్టిగా పట్టుకుంది.  ఈయనకు నేను కనిపించడం లేదు, ఇంత దగ్గరున్నా నేనెవరో కనిపించడం లేదు అని ఒక్కటే మాట బుర్రలో తిరిగింది.

"యమునా?" అన్నాడు ఆయన మళ్లీ.

"నేనయ్యా" అంది చిలుకమ్మ.

కొమురెల్లి అక్కడే డబ్బాల పక్కన కూలబడ్డాడు. ఉగాది నుంచే కళ్లకు మసకలు కమ్ముతున్నాయని, షుగర్ కంట్లోకి దిగిందని దవాఖానలో చెప్పారని చెప్పాడు. రేషన్‌కు పోతున్నామని చెప్పి యమున తీసుకుపోయింది అక్కడికే. పాలకుర్తి ఆయన మిషన్ పట్టేసింది తన చేతుల మీదే. కలిపింది అనుకొని ఉత్తది పోసి పంపాడు. ఆ రోజు నుంచి యమున పొద్దున్నే లేచి రెండు డబ్బాలూ చూస్తోంది. కాగితం మీద చుక్క వేస్తే ఉత్త పెట్రోల్ ఆరిపోయి ఏమీ మిగలదు, ఆయిల్ కలిపింది జిడ్డు మరక వదులుతుంది. చేత్తో తడిమి గుర్తుపట్టమని కలిపిన డబ్బాకు దారం కట్టింది. ఎవరికీ చెప్పవద్దని ఆమె చేత ఒట్టు వేయించుకున్నది తనే.

"నాకెందుకు చెప్పలేదయ్యా?"

"ఎట్ల చెప్పాలె చిలుకా? మా ఆయన చీకట్ల గూడ చూస్తడని వాడకట్టంత చెప్పుకుంట తిరుగుతవు. నాకు పట్టపగలే కనవడ్తలేదని ఏం ముఖం పెట్టుకొని చెప్పాలె?"

చిలుకమ్మ ఏడ్చింది. కోడలి మీద వేసిన నిందకు ఏడ్చింది. అంతకంటే, పక్కన పడుకునే మనిషి చూపు నాలుగు నెలల నుంచి పోతుంటే, కోడలి కొంగులో కాగితం చూసిన తన కళ్లు దాన్ని చూడలేదే అని ఏడ్చింది. కాసేపటికి లేచి ఇంట్లోకి పోయింది. యమున బ్యాగు భుజాన వేసుకొని గడప దాటబోతోంది. శేఖర్ బండి స్టార్ట్ చేశాడు. చిలుకమ్మ ఆ బ్యాగు పట్టుకుంది.

"పాషా తమ్ముడు నిలవడ్డడు. మిషన్ల పెట్రోల్ పోసియ్యి పో బిడ్డా. నాకు ఏది ఏదో తెల్వదు" అంది.  బ్యాగు అందుకొని గదిలో ఉన్న చోటనే పెట్టి వచ్చింది.

యమున ఒక్క క్షణం అత్త మొహం చూసి, ఏమీ అడగకుండా షెడ్డులోకి పరుగెత్తింది. చుక్క వేసి చూసి, రంపంలో పోసి, తాడు లాగితే మిషన్ రెండో గుంజుకే అందుకుంది. పాషా ట్రాక్టర్ మలుపు తిరిగేదాకా హరికృష్ణ భార్య పక్కనే నిలబడ్డాడు. చిలుకమ్మ శేఖర్‌ను బండి దింపి కూర్చోబెట్టి టీ ఇచ్చింది, బిస్కెట్లతో సహా. సోమవారం మొగుణ్ని కళ్ల డాక్టర్ దగ్గరికి తనే తీసుకుపోతానని, ఈసారి రేషన్ సంచి అవసరం లేదని అంది. యమున ఏడుస్తూనే నవ్వింది.

అందరూ లోపలికి పోయాక చిలుకమ్మ మొగుణ్ని చెయ్యి పట్టుకొని షెడ్డులోకి తీసుకుపోయింది. కొంగు ముడి విప్పి దారం తీసింది. కోసిన దారం కురచైపోయింది, అయినా సరిపోయింది. ఎడమ డబ్బా పిడికి కట్టి, ఆయన వేళ్లు తెచ్చి దాని మీద పెట్టింది.

కొమురెల్లి తడిమి చూశాడు. "మూడు ముళ్లు ఏసినవా?"

"ఏసిన. అప్పుడు నువ్వేసినవ్ గద, ఇప్పుడు నేనేసిన."

ఆయన చేతి మీద నుంచి ఆమె తన చెయ్యి తీయలేదు. బయట మళ్లీ వాన మొదలైంది.