సున్నపు గీత ఉన్న తలుపు

మార్త అటూ ఇటూ చూసింది. గల్లీలో ఎవరూ లేరు. లంగా అంచును ఉమ్మితో తడిపి, తలుపు మీది సున్నపు గీతను గబగబా తుడిచేసింది.

గీత ఉన్న ఇంటి తలుపును అమ్మేవాళ్లు గానీ, అడిగేవాళ్లు గానీ కొట్టకూడదు. తాండూరు మున్సిపాలిటీ మొన్ననే చాటింపు వేయించింది. బడిలో కొత్త గది కట్టడానికి పిల్లలు ఇంటింటికీ తిరిగి పిడికెడు కందులు అడుగుతున్నారు. అందరి సంచులూ నిండాయి, మార్తది తప్ప. గీతే లేకపోతే ఇంక తప్పేముంది? ఎంత తెలివో చూశారా!

టక్ టక్ టక్.

లోపల ఏదో బరువైనది తలుపు దగ్గరికి ఈడ్చిన చప్పుడైంది.

"ఇంట్ల ఎవ్వరు లేరు... పోండ్రి, మీ కాళ్లు మొక్కుత!"

ముసలి మైసమ్మ గొంతు అది. మార్త చెయ్యి వెనక్కి తీసుకుంది. అంత పెద్దావిడ తనకు మొక్కడమేమిటి!

"అవ్వా, నేను మార్తను. బడి పిల్లను."

"అబద్ధం! ఆ గడబిడ ఏడు, ఊర్ల కొట్లాటలైనప్పుడు గూడ గిట్లనే తలుపు కొట్టిండ్రు. మా ఆయనను తీస్కపోయిండ్రు. పదేండ్లాయె, మళ్ల రాలె. గీత గీయించుకున్న గద, ఎట్ల వచ్చిండ్రు?"

తర్వాత ఏడుపు వినబడింది. మార్త పారిపోదామని వెనక్కి తిరిగింది.

అప్పుడే గొంగళ్లు అమ్మే శంకరప్ప వచ్చాడు. తలుపును చూశాడు. గీత లేదు. కొట్టడానికి చేతికర్ర ఎత్తాడు.

"వద్దు కాకా!" మార్త తలుపుకు అడ్డంగా నిలబడింది.

"ఏంది పొల్లా? గీత లేదు గద?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. మార్త మింగేసింది.

"ఉండె కాకా. నేనే తుడిచిన. అవ్వ మస్తు భయపడుతున్నది. కావాలంటే మా సారుకు చెప్పు. తలుపు మాత్రం కొట్టకు."

శంకరప్ప కర్ర దించాడు. చెప్పులు చేతబట్టుకుని చప్పుడు కాకుండా వెళ్లిపోయాడు.

"అవ్వా, పనికి వోయిన నీ కోడలు రాంగనే సున్నం అడిగి గీత మళ్ల గీస్త. గప్పటిదాక ఎవ్వరిని రానియ్య," అని మార్త గడప పక్కన కూర్చుంది. గాజులావిడ వచ్చింది, కుండలాయన వచ్చాడు. ఇద్దరికీ తన తప్పు చెప్పుకుంది. చెప్పిన ప్రతిసారీ సిగ్గుతో చచ్చిపోయింది.

పొద్దు వాలుతుండగా కిటికీ రెక్క వేలెడంత తెరుచుకుంది. ముడతల పిడికిలి ఒకటి బయటికి వచ్చింది. దాని నిండా కందులు.

"పట్టు బిడ్డా. నీ సంచి ఏది?"

మార్త ఖాళీ సంచిని వీపు వెనక దాచుకుంది.

"వద్దవ్వా. నేనిప్పుడు అడగనీకి రాలే."