తాత కోసం కిటికీ దగ్గర

పొద్దున్నే ఆ ఇంట్లో ఎవరి హడావిడి వాళ్లది. భర్త చొక్కా బొత్తాలు పెట్టుకుంటూనే టీ తాగేస్తున్నాడు. ఆమె ఒక కన్ను స్టవ్ మీది పాల మీద, ఒక కన్ను గడియారం మీద వేసి ల్యాబ్‌కు వెళ్లే బ్యాగు సర్దుకుంటోంది. రెండేళ్ల పిడుగు మాత్రం తన గదిలో మంచమెక్కి, కిటికీ చట్రానికి మూతి ఆనించి వీధిలోకి చూస్తోంది. కాసేపట్లో తాత గేటు అవతల నిలబడి చెయ్యి ఊపుతాడు. నెల రోజులుగా తాతామనవరాళ్లకు దక్కుతున్నది అంతే.

దూరం పెట్టింది ఆమే. మామగారు పాత బ్యాటరీలు బాగుచేస్తాడు, అంటే రోజంతా సీసంతోనే పని, దాని పొడి చేతులకీ బట్టలకీ అంటుకుంటుంది. ఆమె ల్యాబ్‌లో పరిశోధించేది కూడా ఆ సీసం గురించే. కణంలో ప్రతి ప్రోటీనూ తన పద్ధతిలో మడతపడితేనే పనిచేస్తుంది. సీసం కాల్షియంలా, జింక్‌లా వేషం వేసుకుని అందులో దూరి మడత చెడగొడుతుంది. చెడినవాటిని సరిదిద్దడానికి వేరే ప్రోటీన్లు నానా తంటాలూ పడతాయి. ఒక్క సీసమైతే ఎలాగో నెట్టుకొస్తాయి, దానికి ఇంకో కష్టం తోడైతే చేతులెత్తేస్తాయి. ఇదంతా రోజూ చూసే మనిషికి నెల కిందట పరీక్షలో కూతురి రక్తంలోనే సీసం ఉందని తెలిస్తే మామగారు కాక ఇంకెవరు గుర్తొస్తారు? ఆ సాయంత్రమే, "కొన్నాళ్లు మీ షాపు మీది గదిలో ఉండండి మామయ్యా," అనేసింది. ఆయన మారుమాట లేకుండా సంచి సర్దుకున్నాడు.

ఫోన్ మోగింది. డాక్టరమ్మ.

"రెండోసారి పరీక్షలో తగ్గలేదమ్మా. కాస్త పెరిగింది కూడా."

ఆమె ఫోన్ పెట్టేసి నేరుగా గేటు దగ్గరికి నడిచింది. మామగారు అప్పుడే వచ్చి చెయ్యి ఎత్తబోతున్నాడు.

"నాకు తెలియకుండా పిల్లని ఎత్తుకుంటున్నారు కదూ?"

"లేదమ్మాయ్."

"మరి ఎందుకు పెరిగింది? చెప్పండి!"

"పరాయి పిల్లని చూసినట్టు దూరం నుంచే చూసి పోతున్నా కదమ్మా," అన్నాడాయన.

వెనకాలే వచ్చిన భర్తకు ఒళ్లు మండింది. "చాల్లే ఇంక! సీసం తగిలితే ఎర్రబడే పుల్లలేవో ల్యాబ్ నుంచి తెచ్చావుగా, అవి తియ్. మా నాన్న కూర్చున్న చోటూ, పడుకున్న చోటూ అన్నీ రుద్ది చూడు. నాన్నా, నువ్వు ఆ అరుగు మీద కూర్చో. ఇవాళ తేలాకే వెళ్దువుగాని."

పుల్లలు పెట్టెలో అలాగే ఉన్నాయి. ల్యాబ్‌లో పరీక్ష లేనిదే ఒక్క మాట ఒప్పుకోని మనిషి, ఇంట్లో దోషి ఎవరో ముందే తేల్చేసుకుని ఆ పెట్టె మూత కూడా తియ్యలేదు.

ఆయన కుర్చీ మీద రుద్దింది. రంగు మారలేదు. మంచం మీద, చెప్పుల స్టాండు మీద కూడా అంతే. పిల్ల గదిలో నేల మీద రుద్దితే పుల్ల లేత గులాబీ అయింది. పిల్లని పక్కకు జరిపి కిటికీ చట్రం మీద రుద్దింది. పుల్ల ఎర్రగా మారిపోయింది.

భర్త ఆ పుల్ల వైపు, ఆమె వైపు చూశాడు.

మొదటి పరీక్షకు ముందు ఓ సెలవు రోజున కిటికీ పాత రంగంతా ఉప్పుకాగితంతో గీకింది ఆమే. పిల్ల గదికి ఆకాశం రంగు వేయాలని ముచ్చటపడింది. "పెయింటర్ని పిలుద్దాంలే," అని మామగారు అంటే, "ఈ మాత్రం నాకు చేతకాదా?" అని నవ్వింది. తెల్లగా దుమ్ము రేగుతుంటే పిడుగు చప్పట్లు కొట్టి గంతులేసింది. ల్యాబ్‌లో పూటకు ఎన్ని జతల గ్లవ్స్ మారుస్తుందో! పాత రంగుల్లో సీసం కలిపేవాళ్లన్న జ్ఞానం సొంత ఇంట్లో ఎటు పోయింది? తర్వాత ఆస్పత్రి గొడవలో పడి ఆ చట్రానికి కొత్త రంగు కూడా వేయలేదు.

చట్రం మీద చిన్న చిన్న పంటిగాట్లు కనిపించాయి. తాత ఇంట్లో ఉన్న రోజుల్లో పిడుగు ఈ కిటికీ మొహం చూసిందా? ఆయన్ని వెళ్లగొట్టాకే కదా, పొద్దుటా సాయంత్రం ఇక్కడే అతుక్కుపోయి, బెంగతో ఈ కర్ర కొరికింది? సీసం పెట్టింది తను. దానికి బెంగ తోడు చేసింది కూడా తనే. నోట్లో కొంగు కుక్కుకున్నా ఏడుపు ఆగలేదు.

పిల్ల మూతీ చేతులూ సబ్బుతో కడిగి, చంకనేసుకుని అరుగు దగ్గరికి వచ్చింది.

"మీ వల్ల కాదు మామయ్యా. నేనే... కిటికీ గీకిన దుమ్ము."

"పిల్లకి నయమవుతుందా?" అన్నాడాయన.

"ఇప్పుడే ఆపేస్తే మెల్లగా తగ్గుతుంది. కానీ ఇప్పటిదాకా లోపల ఏం చెడిందో... నాకు తెలీదు మామయ్యా."

"తాతా!" అంటూ పిడుగు ముందుకు దూకబోయింది. ఆయన చటుక్కున లేచి, రెండు చేతులూ వెనక్కి దాచుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు.

"వద్దమ్మాయ్, నా చేతులు... స్నానం చేసే వచ్చా, అయినా ఇంకోసారి చేసొస్తా."

తన మాట ఆ పెద్దమనిషిని ఎంత కోసిందో ఆమెకు అప్పుడు తెలిసింది. పిల్లని చంకన పెట్టుకునే, ఆయన వెనక దాచుకున్న చేతుల్ని ముందుకు లాగి పట్టుకుంది. సబ్బుతో రుద్ది రుద్ది తోలు లేచిపోయి, ఎర్రగా పగిలి ఉన్నాయి.

"ఎత్తుకోండి మామయ్యా," అంది వెక్కుతూ. "దానికి సీసం అంటించింది నా చేతులు. మీరు ఎత్తుకోకపోతే నేనూ దాన్ని ముట్టుకోను."