పేజీ కింది సగం

సాయంకాలం కాలేజీలో పుస్తకాలు తక్కువ, మనుషులు ఎక్కువ. అందుకని ఇంగ్లీషు మాస్టారు బెంచీకి ఒక కాపీ చొప్పున పంచి, క్లాసు అయిపోగానే అన్నీ వెనక్కి తీసుకుని బీరువాకి తాళం వేసేవారు. ఎవడో మహానుభావుడు చలికాలమంతా మంచుకొండల్లో ఒక్కడే గడిపి రాసుకున్న నిజం కథని మన లిఫ్ట్ మెకానిక్ ఓ అమ్మాయి భుజం పక్కన కూర్చుని చదవాల్సి వచ్చింది. ఏకాంతం గురించి చదవడానికి అంతకంటే పనికిరాని చోటు ఇంకోటి ఉండదు.

ఆ అమ్మాయి పగలు కళ్ళజోళ్ళ షాపులో పనిచేసేది. మొదటిరోజే ఇద్దరికీ చెడింది. అతను మొదటి పేజీలో సగం కొండ కూడా ఎక్కకముందే ఆమె పేజీ తిప్పేసింది. ఒక్క నిమిషం ఆగమన్నాడు. ఆమె అతని మొహంలోకి పరీక్షగా చూసి, దగ్గరచూపు ఆనడం లేదేమో, షాపుకొస్తే ఉచితంగా చూస్తామంది. అతనికి ఒళ్ళు మండింది. ఇక ప్రాణం పోయినా ఈ మనిషిని ఆగమనకూడదని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాడు.

వారం తిరక్కుండా కోపం పోయింది. దాని జాగాలోకి ప్రేమ వచ్చి కూర్చుంది. ఒట్టు మాత్రం కదల్లేదు, కారణం మారిందంతే. ఇప్పుడు ఆగమంటే ఆమె పుస్తకం మొత్తం ఇతని వైపు తోసేసి, ముందు మీరు కానివ్వండంటూ బెంచీ ఆ చివరికి జరిగిపోతుందేమోనని భయం. అందుకని ప్రతి పేజీ పైసగం చదివి, ఆమె తిప్పగానే తనూ చదివేసినట్టు తల ఊపేవాడు. కింది సగం సొంతంగా ఊహించుకునేవాడు.

ఊహకి సరుకంతా ఇంట్లోనే ఉంది. అమ్మ, అక్క, బావ, అక్క పిల్లలు, అందరూ కలిసి మూడు గదుల్లో ఉంటారు. అతను తుమ్మితే పక్కగదిలోంచి ఇద్దరు పలుకుతారు. స్నానానికెళ్ళి కాస్త ఆలస్యమైతే బతికే ఉన్నావా అని బావ తలుపు కొడతాడు. అందుకే ఓ పేజీ పైన ఆ కొండల మనిషి జారిపడి మడమ విరగ్గొట్టుకుని, తర్వాతి పేజీ పైన మంట కాచుకుంటూ కనబడేసరికి, మధ్యలో ఎవరో వచ్చి సాయం చేసుంటారని మన మెకానిక్ తేల్చేశాడు. భోజనాల దగ్గర ఇంట్లోవాళ్ళకీ అలాగే చెప్పాడు. పోనీలే, దిక్కులేకుండా పోలేదు పాపం, అని అమ్మ ఊపిరి పీల్చుకుంది.

ఇంతలో నోటి పరీక్ష వచ్చిపడింది. తప్పినవాళ్ళని పొద్దున్న నడిచే రిపీట్ బ్యాచ్‌లో వేస్తారు. అంటే ఈ బెంచీ పోతుంది, పక్కనున్న భుజమూ పోతుంది. మార్కులంటే ఏనాడూ బెంగపడనివాడు ఆ వారమంతా సరిగ్గా అన్నం తినలేదు.

ముందు ఆమె వంతు వచ్చింది. మడమ విరిగాక ఆ మనిషి గుడారంలో ఎలా గడిపాడో చెప్పమన్నారు మాస్టారు. ఆమె కిటికీలోంచి బయట పడుతున్న వాన వైపు చూస్తూ చెప్పుకుపోయింది. తనతో తనే పైకి మాట్లాడుకున్నాడట. ఒక్కడికోసం వండుకోబుద్ధికాక పస్తున్నాడట. ఎవరో పిలిచినట్టనిపించి లేచి కూర్చున్నాడట. మాస్టారు పరవశించిపోయి, చదవడమంటే ఇదీ అన్నారు. అంతలో ఇంటినుంచి ఫోనొస్తే, ఇదిగో బయల్దేరుతున్నానంటూ నాలుగు ముక్కలు చెప్పి పెట్టేసి, మళ్ళీ ఏకాంతంలోకి వచ్చారు.

తర్వాత మెకానిక్‌ని లేపారు. మరి అంత మంచులో మంట ఎలా వెలిగిందని అడిగారు.

"ఎవరో వచ్చి వెలిగించుంటారు సార్."

"ఎవరొస్తారయ్యా అక్కడికి?"

"ఎవరో ఒకరు రాకుండా ఉంటారా సార్? అంత దెబ్బ తగిలితే?"

క్లాసంతా గొల్లుమంది. ఎవరూ రాకపోవడమేనయ్యా ఈ పుస్తకం, అని మాస్టారు తల పట్టుకున్నారు. సోమవారం నుంచి పొద్దున్నే రమ్మన్నారు. నవ్వనిది ఆ అమ్మాయొక్కతే. అది అతనికి ఇంకా పెద్ద అవమానంగా తోచింది.

క్లాసు వదిలాక వాన తగ్గేదాకా ఇద్దరూ మెట్ల దగ్గర ఆగిపోయారు. పేజీలు పూర్తిగా చదవడం లేదని ముందే ఎందుకు చెప్పలేదని ఆమె నిలదీసింది. ఎలాగూ బెంచీ పోయింది, ఇక దాచి ఏం లాభం అనుకున్నాడు.

"చెప్తే మీరు అటు జరిగిపోతారని."

తనూ ఆ పేజీలు చదవలేదని ఆమె చెప్పింది. ఆ మనిషి కష్టంలో పడ్డ చోటల్లా గబగబా తిప్పేసేదట. పోయినేడు షాపు మెట్ల మీద కాలు మడతపడి వారం రోజులు అద్దెగదిలో ఒక్కతే పడి ఉందట. పరీక్షలో చెప్పిందంతా ఆ వారం సంగతేనట. ఆమె పస్తున్న ఆ వారంలో తను ఏ లిఫ్టు బాగుచేస్తున్నాడో, ఇంట్లో ఎవరితో పోట్లాడుతున్నాడో గుర్తు తెచ్చుకోబోయి సిగ్గుపడ్డాడు.

"ఆ పేజీలు నేను కొత్తగా చదవక్కర్లేదండీ. మీరు చెప్పిందే బాగుంది, ఎవరో వచ్చుంటారని," అంది ఆమె.

"ఈసారి కాలు మడతపడితే నాకు ఫోన్ చెయ్యండి. నేనొస్తాను."

"మడతపడకపోతే?"

"అయినా వస్తాను." అని, నిజం మొత్తం చెప్పేయడం మంచిదనుకుని, గొంతు తగ్గించి కలిపాడు: "కాకపోతే నేనొక్కణ్ణే రావడం కుదరదండీ. ఎక్కడికని అమ్మ అడుగుతుంది, నేను చెప్పేస్తాను. ఇక అక్క, బావ, పిల్లలు, అందరూ బయల్దేరతారు."

వాన జోరుగా పడుతూనే ఉంది. ఆమె తల వంచుకుని చున్నీ అంచుతో కళ్ళు తుడుచుకుంది.

"రమ్మనండి. నా గదిలో ఉన్నది ఒక్క కుర్చీ. మీ అమ్మగారిని దాంట్లో కూర్చోబెడదాం, మిగతావాళ్ళని కిందే సర్దుకోమనండి."