వెల్లకిలా

"అమ్మాయ్, పక్క తిప్పమ్మా..."

ఆ కేక వీధి మొదట్లోకే వినపడింది. సమాధుల తోటనుంచి తిరిగొస్తున్న హెలెన్ పటమట సందు మలుపులోనే ఆగిపోయింది. గొంతు మావయ్య ఏసుపాదంగారిదే. ఆయన్ని పూడ్చిపెట్టి ఇంకా కాళ్ల మట్టి కూడా కడుక్కోలేదు, చూడండి మరి.

"పక్కింటి టీవీ అయ్యుంటుందిలే," అన్నాడు భర్త డేనియల్. ముందు నడిచి ఇంటి తాళం తీశాడు.

హెలెన్ నర్సు. పక్షవాతంతో మంచాన పడ్డ మావయ్యని రెండు గంటలకోసారి ఇటూ అటూ తిప్పి, వీపు తుడిచి, పౌడరు అద్ది, దిండు ఆసరా పెట్టేది. ఎంత చేసినా చివర్లో నడుం మీద పుండు పడనే పడింది. దానికి పరుపు తగిలితే చాలు, పెద్దాయన పసిపిల్లాడిలా ఏడ్చేవాడు. అందుకే ఇందాక శవపెట్టె దగ్గర భర్త చెవిలో గొణిగింది.

"ఏవండీ, వెల్లకిలా వద్దు. కాస్త పక్కకి..."

"పెట్టెలో ఎవరన్నా పక్కకి పడుకోబెడతారా? ఇంకా డ్యూటీయేనా నీకు?" అని విసుక్కున్నాడతను.

మూత బిగించేశారు.

ఇప్పుడు లోపలికొస్తే ఇంట్లో కరెంటు లేదు. స్పిరిటు వాసన, పౌడరు వాసన. ఖాళీ నవారు మంచం కిర్రుమంది.

"అమ్మాయ్..."

"వెళ్లకు వదినా," ఆడబిడ్డ రూతు కొంగు పట్టుకుంది.

హెలెన్ వెళ్లింది. లేని భుజం కింద ఒక చెయ్యి, లేని నడుం కింద ఒక చెయ్యి వేసి, ఎడమ పక్కకి తిప్పింది. వెనక దిండు పెట్టింది. చేతులకి బరువు తెలియలేదు... ఏమీ తెలియలేదు.

మూలుగు ఆగింది. కరెంటూ వచ్చింది.

పక్కింటి సంపూర్ణమ్మగారు అన్నం క్యారియరు పట్టుకొచ్చింది. "పొద్దుటినుంచీ పస్తున్నారు, కూర్చోండి. నేనూ ఇక్కడే తింటా. మా టీవీ పాడయ్యాక ఇంట్లో పొద్దే పోవట్లేదు."

డేనియల్ తల వంచుకున్నాడు. చాప పరిచారు. చివరికి నలుగురూ కూర్చున్నారు. పప్పు వడ్డించుకున్నారు.

అప్పుడు పిలుపొచ్చింది. మంచం మీంచి కాదు... చాప అడుగునుంచి. నేల లోపల్నుంచి.

"అమ్మాయ్... ఇంకా వెల్లకిలానే ఉన్నానమ్మా..."

ఎవరూ తలెత్తలేదు. ఎవరూ లేవలేదు. నేలని ఎటు తిప్పుతుంది హెలెన్?

అందరూ అన్నంలో చెయ్యి పెట్టారు. హెలెన్ కూర్చున్నచోట చాప మాత్రం అడుగునుంచి... మెల్లగా, వెచ్చగా, పుండు వాసనతో తడుస్తోంది.