లాప్‌టాప్ కింద లేసు

“చూశారా, మళ్లీ కాలిపోతోంది!” అంటూ రేల్యా తన లాప్‌టాప్‌ను నెవెన బల్ల మీద పెట్టాడు. కొట్లో ఉన్నవాళ్లంతా తలలు తిప్పి చూశారు.

నెవెనకు ఒళ్లు మండింది. నిష్ ఊళ్లో ఆ రిపేరు కొట్టు తండ్రి తర్వాత ఆమెదే. ఆమె బాగుచేసింది తిరిగి రాదని వీధిలో అందరూ చెప్పుకుంటారు. ఆ పేరంటే ఆమెకు ప్రాణం. ఇతగాడేమో మూడోసారి వచ్చాడు! వస్తాడేమోనని పొద్దుటి నుంచి గుమ్మం వైపు చూసిన మాట కూడా నిజమే.

“ఫ్యాన్‌లో దుమ్ము దులిపాను, లోపల వేడి లాగే పేస్టు కొత్తది వేశాను. దీని మీద రొట్టెలు కాలుస్తున్నారా?”

“పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తున్నానండీ. శనివారం ఇవ్వకపోతే పెళ్లికూతురు నన్నే కాలుస్తుంది.”

అదే వీడియోను అక్కడే గంటసేపు నడిపింది. లాప్‌టాప్ చల్లగానే ఉంది.

“లోపం మీ ఇంట్లో ఉంది. పదండి.”

రేల్యా మొహంలో రంగు మారింది.

జూలై ఎండలో వాళ్ల ఇంటి కిటికీలన్నీ బిగించి ఉన్నాయి. “తీయకమ్మా! ఎదురెదురు గాలి తగిలితే మెడ పట్టేస్తుంది” అంది అతని నానమ్మ స్తమెన, చెమట తుడుచుకుంటూ. టీవీ మీద చేత్తో అల్లిన లేసు గుడ్డ, ఫోను కింద లేసు. లాప్‌టాప్ ఉండే చోట బొంతంత మందాన మరో లేసు.

“నానమ్మా, ఇది గాలి పీల్చేది అడుగు నుంచే. దాని ముక్కు మూసేశారు.”

“అయ్యో, బల్ల గీసుకుపోతుందని వేశానే!”

నెవెన రేల్యా వైపు తిరిగింది. “మీకు తెలుసా?”

“రెండోసారే తెలిసింది. తీసేస్తే నానమ్మ నొచ్చుకుంటుంది. తీయకపోతే... మీరు కనిపిస్తారు.”

“నీ సరదాకి నా పేరు బజారున పెట్టావా?” అనేసి ఆమె విసురుగా వెళ్లిపోయింది. దారంతా కళ్లు తుడుచుకుంటూనే ఉంది.

మర్నాడు కొట్టు జనంతో నిండుగా ఉన్నప్పుడు రేల్యా వచ్చాడు, నానమ్మను వెంటబెట్టుకుని.

“అందరూ వినండి!” గొంతు పెంచాడు. “ఈమె పనిలో ఏ తప్పూ లేదు. తప్పంతా నాది. తెలిసీ నోరు మూసుకున్నాను. లాప్‌టాప్ కింద నాలుగు సీసా బిరడాలు పెట్టి, కిటికీ తీశాను. పెళ్లి వీడియో పూర్తయింది, ఒక్కసారి కూడా ఆగలేదు.”

“నేను మెడకి రెండు శాలువాలు చుట్టుకున్నాను” అంది స్తమెన.

కొట్టంతా గొల్లున నవ్వింది. నెవెన మాత్రం నవ్వలేదు. తన పేరు తనకు దక్కింది.

స్తమెన ఉతికి ఇస్త్రీ చేసిన లేసు ముందుకు చాపింది. “మా ఇంటి కోడలి కోసం అల్లింది ఇది. మిషను కింద వేయడం నా బుద్ధితక్కువ.”

“తీసుకుంటే పెళ్లికి ఒప్పుకున్నట్టా?” నెవెన నిలదీసింది.

“కాదు తల్లీ. తీసుకోకపోతే ఒప్పుకోనట్టు.”

నెవెన తల దించకుండానే రెండు చేతులూ చాపి లేసు అందుకుంది.